వైరస్ అదుపులో ఉంది, మరి బీపీ?

హెచ్ఐవీకి మందులు (ఏఆర్‌టీ) వాడుతున్నవారికి బీపీ కూడా తోడైతే ఏం చేయాలని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. రాసినవారి పేర్లు, ఊళ్లు తీసేశాం. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒకరి మాటల్లోనే వేశాం.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఏఆర్‌టీ మాత్రలు ఒక్కరోజూ మానకుండా వాడుతున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదన్నారు. మొన్న బీపీ చూస్తే 152/96 వచ్చింది. నాకు ఒంట్లో ఏ బాధా లేదు. ఇది హెచ్ఐవీ వల్ల వచ్చిందా, మాత్రల వల్లా, వయసు వల్లా? మాత్రలు మార్పించుకోమంటారా?

జవాబు: మూడింటి వల్లా కావచ్చు. ఒక మనిషిలో దేని వాటా ఎంతో తేల్చి చెప్పలేం. తేలినా వైద్యం పెద్దగా మారదు.

మొదటిది వయసు. మంచి మందులు రాకముందు హెచ్ఐవీ సోకినవారు బీపీ వచ్చే వయసు దాకా బతకడమే అరుదు. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు 4 కోట్ల మంది హెచ్ఐవీతో జీవిస్తుంటే, అందులో 3 కోట్ల మందికి పైగా మందులు వాడుతున్నారు. వారిలో అత్యధికులు వర్ధమాన దేశాలవారే. వాళ్లు నలభై దాటి, యాభై దాటి ముందుకు నడుస్తున్నారు, ఆ నడకలో బీపీ ఎదురవుతోంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే హెచ్ఐవీ ఉన్న పెద్దవారిలో దాదాపు నలుగురికి ఒకరికి బీపీ ఉన్నట్టు తేలింది.

రెండోది వైరస్. మందులతో వైరస్ అణిగినా, శరీరంలో సన్నని సెగలాంటి వాపు కొన్నాళ్లపాటు, కొందరిలో ఏళ్లపాటు మిగిలే ఉంటుంది. అది రక్తనాళాల లోపలి పొరను గట్టిపరుస్తుంది. రోగాలతో పోరాడే సీడీ4 కణాలు బాగా పడిపోయాక మందులు మొదలుపెట్టినవారిలో ఈ నష్టం ఎక్కువ. హెచ్ఐవీ కిడ్నీలను కూడా దెబ్బతీయగలదు. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరగడం మామూలే.

మూడోది మందులు. ఇప్పుడు చాలా దేశాల్లో మొదట ఇచ్చేది టీఎల్‌డీ మాత్ర. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే గోళీ అది. డోలుటెగ్రవిర్‌తో బరువు పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అనే పరీక్షలో ఇప్పటి టీఎల్‌డీకి దగ్గరగా ఉండే మందులు వాడినవారు 48 వారాల్లో సగటున 3 కిలోలు పెరిగారు. అదే మందుల్లో టెనోఫోవిర్‌కు బదులు దాని కొత్త రూపం వాడినవారు 6 కిలోలు పెరిగారు. ఆడవారిలో ఈ పెరుగుదల ఎక్కువగా కనిపించింది. కొన్ని అధ్యయనాల్లో బీపీ కూడా పెరిగింది. అందులో కొంత బరువు పుణ్యమే. జబ్బుతో చిక్కిపోయిన మనిషి కోలుకుని ఒళ్లు చేయడం మంచిదే, ఆ పెరుగుదల ఆగకుండా నడుము చుట్టూ చేరితేనే చిక్కు.

అయితే బీపీ వచ్చిందని మంచి ఏఆర్‌టీని మార్చడం మా ఉద్దేశంలో సరికాదు. బీపీకి వాడదగ్గ మందులు బోలెడు ఉన్నాయి. వైరస్‌ను ఇంత బాగా అణిచే మాత్రలు అన్ని లేవు. ఇక ఏఆర్‌టీని కొన్నాళ్లు ఆపి చూద్దామన్న ఆలోచన మాత్రం అసలు పెట్టుకోకండి. 33 దేశాల్లో 5,472 మందితో చేసిన స్మార్ట్ అనే పరీక్షలో సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మందులు ఆపినవారిలో చావులు పెరిగాయి. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులు కూడా వారిలోనే ఎక్కువ వచ్చాయి. అంటే ఏఆర్‌టీ మీ వైరస్‌తోపాటు మీ గుండెను కూడా కాస్తోంది.

బాధ ఏమీ లేదన్నారు. బీపీ చాప కింద నీరు, బాధ పెట్టే దాకా ఆగితే అప్పటికి పక్షవాతమో గుండెపోటో వచ్చి ఉంటుంది. హెచ్ఐవీ లేనివారితో పోలిస్తే ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు ఇంచుమించు రెండింతలు. కాబట్టి మీ 152ను తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క కొలతతోనే మందులు మొదలుపెట్టకుండా, మరో రోజు సరిగా చూపించుకోండి. రెండోసారి కూడా 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మందు అవసరం. నాలుగు వారాలు దాటకుండా మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 160/100 దాటితే ఆ వాయిదా కూడా వద్దు.

ప్రశ్న: ఏఆర్‌టీ కేంద్రంలో నర్సుగా చేస్తున్నాను. పొద్దున్నే పెద్ద వరుస ఉంటుంది. బీపీ మిషన్ ఒకటి, చేతికి చుట్టే కఫ్ ఒకటి. ఒకే మనిషికి పోయిన నెల 128, ఈ నెల 150 వస్తుంది. ఏది నమ్మాలి?

జవాబు: మీరు అడిగిన ఈ ఒక్క ప్రశ్న మీదే మిగతా వైద్యమంతా నిలబడి ఉంది.

ముందు కఫ్ సంగతి. మోచేతికి, భుజానికి నడుమ చేయి చుట్టుకొలత టేపుతో కొలవండి. కఫ్ లోపలి గాలి సంచి పొడవు ఆ చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. 22 నుంచి 26 సెంటీమీటర్ల చేతికి చిన్న పెద్దల కఫ్, 27 నుంచి 34 దాకా మామూలు కఫ్, 35 నుంచి 44 దాకా పెద్ద కఫ్ వాడతారు. తయారీదారును బట్టి ఈ అంకెలు కాస్త మారతాయి. కఫ్ మీద గీసిన గీతల మధ్యకు చేయి సరిపోయిందో లేదో చూస్తే చాలు.

హెచ్ఐవీ ఉన్నవారి దగ్గర ఇది మరీ ముఖ్యం. మందులు మొదలుపెట్టే రోజున చేయి 21 సెంటీమీటర్లు ఉన్న మనిషికి రెండేళ్లకు 30 కావచ్చు, ఇంకొకరికి 36 కావచ్చు. కఫ్ మాత్రం అదే. అవసరమైన దానికన్నా ఒక సైజు చిన్న కఫ్ కడితే పై అంకె సుమారు 5, రెండు సైజులు చిన్నదైతే 20 దాకా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద కఫ్ కడితే మూడు నాలుగు తక్కువ చూపిస్తుంది. చిక్కి ఉన్నప్పుడు ఒక కఫ్‌తో లేని బీపీ, ఒళ్లు చేశాక అదే కఫ్‌తో కొత్తగా వచ్చినట్టు కనపడొచ్చు. అందుకే మీ కేంద్రానికి కనీసం మూడు సైజులు అడగండి. ఇవ్వగలిగింది ఒక్కటే అయితే పెద్ద కఫ్ అడగండి, మామూలుది మీ దగ్గర ఎలాగూ ఉంది.

తర్వాత మనిషి సంగతి. వరుసలో నిలబడి వచ్చినవారిని వెంటనే కూర్చోబెట్టి కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోవాలి. చొక్కా చేయి పైకి మడిస్తే బిగుసుకుంటుంది, తీసేయడం మంచిది. చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. చేయి కిందికి వేలాడినా, కొలిచేటప్పుడు మాట్లాడినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా పై అంకె 10 దాకా పెరగొచ్చు. అంతకుముందు అరగంటలో కాఫీ, టీ, పొగ ఉండకూడదు.

నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి సగటు రాయండి. మొదటిసారి వచ్చినవారికి రెండు చేతులకూ చూడండి. తేడా 10కి మించితే ఎక్కువ వచ్చిన చేతినే ఇకపై వాడాలి. ఏ చేయి, ఏ కఫ్ అన్నది కార్డు మీద రాయండి, వచ్చే నెల వేరొకరు కొలిచినా పోల్చుకోవచ్చు. 150 అని కాకుండా 146 వస్తే 146 అనే రాయండి. సున్నాకు, ఐదుకు సర్దేసే అలవాటు వల్ల 138 కాస్తా 140 అవుతుంది, లేదా 142 కాస్తా 140 అయి ఊరుకుంటుంది.

వరుస పెద్దదైతే ఒక చిన్న ఉపాయం ఉంది. బీపీ బల్లను చీటీలు ఇచ్చే చోట పెట్టకుండా, కూర్చుని ఎదురుచూసే గది చివర పెట్టండి. ఎలాగూ కూర్చుంటారు కనుక ఐదు నిమిషాల విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది.

ప్రశ్న: మందుల పంపిణీ చూసేవాణ్ణి. బీపీ మందుల్లో ఏవి ఏఆర్‌టీతో కలవవో ఒక్క చోట చెప్పగలరా? కొందరు వైద్యులు అందరికీ ఒకటే రాస్తున్నారు.

జవాబు: టీఎల్‌డీ వాడేవారికి ఒకటే రాసినా చాలావరకు ఇబ్బంది రాదు. ఆమ్లోడిపిన్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ వీటిలో ఏదీ డోలుటెగ్రవిర్‌తో చెప్పుకోదగ్గ పేచీ పెట్టదు. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చు. అది ఒక్కటే చాలకపోతే మోతాదును ఆకాశానికి పెంచే బదులు తక్కువ మోతాదులో రెండో రకం జోడించడం మేలు. వీలుంటే రెండూ కలిసిన ఒకే గోళీ ఇవ్వండి. ఇప్పటికే రోజూ మాత్ర మింగుతున్న మనిషికి గోళీల లెక్క తగ్గితే మానకుండా వేసుకుంటారు.

మీరు జాగ్రత్త పడాల్సింది, మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరుస మందుల దగ్గర. అటజనావిర్, లోపినావిర్, దారునావిర్ లాంటివాటిని రిటోనావిర్‌తో కలిపి ఇస్తారు. రిటోనావిర్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఒక ఎంజైమును నొక్కిపట్టేస్తుంది. ఆ ఎంజైము మీదే ఆధారపడ్డ ఆమ్లోడిపిన్ రక్తంలో దాదాపు రెట్టింపు కావచ్చు. మనిషికి కళ్లు తిరుగుతాయి, చీలమండలు వాస్తాయి. వీరికి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. లెర్కానిడిపిన్, ఎప్లెరెనోన్ రిటోనావిర్‌తో అసలు ఇవ్వకూడదు. డిల్టియాజెమ్, వెరాపమిల్, ఇంకా అటెనోలోల్ లాంటి బీటా బ్లాకర్లు అటజనావిర్‌తో చేరితే గుండెలో విద్యుత్ ప్రసారం మందగించే ప్రమాదముంది, ఈసీజీ లేకుండా ఆ జోలికి పోవద్దు.

పాత మందులైన ఎఫవిరెంజ్, నెవిరపిన్ దీనికి సరిగ్గా ఎదురు. అవి అదే ఎంజైమును రెచ్చగొడతాయి కనుక ఆమ్లోడిపిన్ త్వరగా ఖర్చయిపోయి పని తగ్గుతుంది. ఎఫవిరెంజ్ మీద ఉండి ఆమ్లోడిపిన్ 10 వేసుకుంటున్న మనిషిని టీఎల్‌డీకి మార్చారనుకోండి, రెండు మూడు వారాల్లో ఆ 10 ఒంటికి ఎక్కువ కావచ్చు. మార్చిన నెలలోపు బీపీ మళ్లీ చూడమని చీటీ మీద రాసి పంపండి.

ప్రశ్న: మా వారికి హెచ్ఐవీ, బీపీ రెండూ ఉన్నాయి. ఆమ్లోడిపిన్‌తో బీపీ బాగానే ఉండేది. రెండు నెలల క్రితం టీబీ అని తేలి మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు బీపీ 160 దాటుతోంది. ఆయన మాత్రలు మానేస్తున్నారేమోనని అనుమానంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆయన్ని అనుమానించడం ఆపండి. తప్పు ఆయనది కాకపోవచ్చు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఉంటుంది, మూత్రం నారింజ రంగులో రావడం దాని వల్లే. పై జవాబులో చెప్పిన ఎంజైమును ఇంతగా రెచ్చగొట్టే మందు వైద్యంలో అరుదు. ఆమ్లోడిపిన్ ఆయన మింగుతూనే ఉన్నా రక్తంలో మిగిలేది కొద్దిగానే. నిఫెడిపిన్, లోసార్టన్, మెటోప్రొలోల్ కూడా అలాగే బలహీనపడతాయి.

లిసినోప్రిల్ కాలేయంలో విరగదు, నేరుగా కిడ్నీ ద్వారా పోతుంది. నీరు లాగే థయాజైడ్ మందుల మీద కూడా రిఫాంపిసిన్ ప్రభావం లెక్కలోకి రాదు. టీబీ వైద్యం సాగే ఆరు నెలలూ వాటి మీదికి మళ్లించమని డాక్టరును అడగండి.

ఇంకోటి తప్పకుండా చూసుకోండి. ఆయన వాడేది టీఎల్‌డీ అయితే, రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్లూ డోలుటెగ్రవిర్ రోజుకు రెండుసార్లు కావాలి. అంటే టీఎల్‌డీ ఒకటి వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాముల గోళీ విడిగా మరొకటి. టీబీ మందులు ఆపాక మరో రెండు వారాల దాకా అలాగే సాగాలి. రిఫాంపిసిన్ ప్రభావం దిగిపోవడానికి అంత సమయం పడుతుంది.

ఆ దిగిపోయే సమయంలోనే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. టీబీ వైద్యంలో చాలలేదని ఆమ్లోడిపిన్ పెంచుకుంటూ పోయి, వైద్యం ముగిశాక అదే మోతాదు కొనసాగిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. టీబీ మందులు ఆపిన రెండో వారంలోనూ నాలుగో వారంలోనూ బీపీ చూపించండి.

ప్రశ్న: నెల తప్పింది, ఐదో వారం. టీఎల్‌డీ, ఎనలాప్రిల్ వాడుతున్నాను. ఇప్పుడు ఐరన్, కాల్షియం కూడా ఇస్తారట. అన్నీ ఎలా వేసుకోవాలి?

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు అచ్చయ్యే దాకా ఆగలేక, ఎనలాప్రిల్ విషయం ముందే రాసి పంపాం. ఇతర పాఠకుల కోసం మళ్లీ చెబుతున్నాం. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ రకాలు కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. గర్భం అని తెలిసిన రోజునే మార్చాలి. అలాగని బీపీ మందే లేకుండా ఉండిపోకూడదు, అదే వారం మిథైల్‌డోపా గానీ లాబెటలాల్ గానీ నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ గానీ మొదలుపెట్టించుకోవాలి. పిల్లలు కావాలనుకుంటున్నవారు ఈ మార్పు ముందే చేసుకోవడం ఇంకా మంచిది. టీఎల్‌డీ మాత్రం ఆపకూడదు. అది మీ బిడ్డకు వైరస్ సోకకుండా కాపాడే మందు.

కాల్షియం, ఐరన్ కడుపులో డోలుటెగ్రవిర్‌ను పట్టుకుని రక్తంలోకి చేరనివ్వవు. దీనికి రెండు దారులున్నాయి. భోజనంతో అయితే టీఎల్‌డీని వాటితో కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో అయితే టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత గానీ, టీఎల్‌డీకి 6 గంటల ముందు గానీ వాటిని వేసుకోవాలి. ఉదాహరణకు టీఎల్‌డీ రాత్రి 9కి వేసుకునేవారు కాల్షియం, ఐరన్ మధ్యాహ్నం 3 లోపు ముగిస్తే ఏ చిక్కూ ఉండదు. వికారానికో మంటకో వాడే అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్ల విషయంలో భోజనం కాపాడదు. వాటికి 2 గంటలు, 6 గంటల నియమమే దిక్కు. ఐరన్, కాల్షియం ఒకదాన్నొకటి కూడా అడ్డుకుంటాయి, కొన్ని గంటల ఎడం పెట్టండి.

ఇంత తంటాలెందుకు, కాల్షియం మానేద్దాం అనుకోవద్దు. ఆహారంలో కాల్షియం తక్కువగా దొరికే చోట గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, గర్భంలో బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం రాకుండా ఉండటానికే. మీకు ముందునుంచే బీపీ ఉంది కనుక ఆ ముప్పు మీకు ఎక్కువ. తక్కువ మోతాదు ఆస్పిరిన్, 75 మిల్లీగ్రాములు, మూడో నెల దాటాక 20 వారాల లోపు మొదలుపెట్టాలేమో డాక్టరును ఇప్పుడే అడగండి. 160/110 తాకినా, చూపు మసకబారినా, తగ్గని తలనొప్పి వచ్చినా, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి పట్టినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: టీఎల్‌డీకి మారిన నెలకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 0.9 నుంచి 1.1 అయింది. కిడ్నీ పోతోందా?

జవాబు: కాదు. డోలుటెగ్రవిర్ కిడ్నీ గొట్టాల నుంచి క్రియాటినిన్ బయటికి పోయే ఒక తలుపును కొంత మూస్తుంది. వడపోత బాగానే ఉన్నా రక్తంలో అంకె 0.1 నుంచి 0.2 దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. మొదటి నెల తర్వాత కూడా పెరుగుతూ పోతేనే ఆలోచించాలి. అప్పుడు మూత్రంలో ప్రోటీన్, చక్కెర చూడాలి. రక్తంలో చక్కెర మామూలుగా ఉండి మూత్రంలో మాత్రం పడుతుంటే టెనోఫోవిర్ కిడ్నీ గొట్టాలను గాయపరుస్తోందేమోనని అనుమానించాలి.

బీపీ ఉన్నవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. కీళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఎవరినీ అడక్కుండా వాడేస్తారు. ఎనలాప్రిల్ రకం మందు, నీరు లాగే మాత్ర, ఈ నొప్పి గోళీ మూడూ కలిస్తే కిడ్నీకి చేటు. పైన టెనోఫోవిర్ కూడా ఉంటే చేటు ఇంకా పెద్దది. పైగా నొప్పి గోళీ బీపీని కూడా పెంచుతుంది. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి.

ప్రశ్న: బీపీకి సోడియం తక్కువ ఉప్పు మంచిదంటున్నారు. నేను లోసార్టన్, టీఎల్‌డీ, ఇంకా వేరే ఇన్‌ఫెక్షన్లు రాకుండా రోజూ కోట్రైమాక్సజోల్ ఒకటి వేసుకుంటాను. వాడొచ్చా?

జవాబు: మీరు వాడకండి. ఆ ఉప్పులో సోడియం స్థానంలో పొటాషియం ఉంటుంది. లోసార్టన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుంది. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ కూడా అదే పని చేస్తుంది, ఇది చాలామంది వైద్యుల దృష్టికే రాదు. మూడూ కలిస్తే పొటాషియం 6 దాటి గుండె లయ తప్పొచ్చు, అదీ ముందుగా ఏ సూచనా లేకుండానే. మామూలు ఉప్పునే రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక టీ చెంచాలోపు, తగ్గించుకోండి. అన్నిట్లో కలిపిన ఉప్పు కూడా ఆ 5లోకే వస్తుంది.

లోసార్టన్ రకం, ఎనలాప్రిల్ రకం మొదలుపెట్టిన లేదా పెంచిన రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆ పరీక్ష దొరకని చోట, కోట్రైమాక్సజోల్ మీద ఉన్నవారికి ఆమ్లోడిపిన్‌తోనో థయాజైడ్‌తోనో మొదలుపెట్టడమే భద్రం. సీడీ4 నిలకడగా పెరిగాక కోట్రైమాక్సజోల్ ఆపొచ్చేమో కూడా అడగండి.

ప్రశ్న: తల విపరీతంగా నొస్తోంది. బీపీ 165 ఉంది. బీపీ మాత్ర ఇంకోటి వేసుకోనా?

జవాబు: వద్దు. సీడీ4 200 కన్నా తక్కువ ఉన్నవారికి, మందులు ఈమధ్యే మొదలుపెట్టినవారికి, కొన్నాళ్లు మానేసినవారికి రోజుల తరబడి సాగే తలనొప్పి వస్తే అది బీపీదని అనుకోవద్దు. క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం గానీ టీబీ గానీ మెదడు పొరలకు చేరి ఉండొచ్చు. అప్పుడు పుర్రెలో ఒత్తిడి పెరిగి, దాని వల్లే బీపీ పెరుగుతుంది. బీపీ మాత్రతో అంకెను దించి ఇంట్లో కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుగు చూడలేకపోవడం, మనిషి తికమకగా మాట్లాడటం వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. క్రిప్టోకాకస్‌కు రక్తపు చుక్కతో చేసే పరీక్ష ఉంది, పేరు పెట్టి అడగండి.

ఒకవైపు చేయీ కాలూ పడిపోవడం, మూతి వంకర, మాట తడబాటు, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే సీడీ4 ఎంతైనా అత్యవసరమే.

ప్రశ్న: బీపీతోపాటు కొలెస్టరాల్ మాత్ర కూడా వేసుకోవాలా? నా కొలెస్టరాల్ మామూలుగానే ఉంది.

జవాబు: వయసు 40 దాటితే అడగదగ్గ ప్రశ్నే. రిప్రీవ్ అనే పరీక్షలో 12 దేశాల నుంచి 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న, గుండె ముప్పు పెద్దగా లేని 7,769 మంది హెచ్ఐవీ బాధితులను తీసుకున్నారు. పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి కండరాల నొప్పులు వచ్చాయి, మధుమేహం కాస్త ఎక్కువ కనిపించింది. పిటావాస్టాటిన్ దొరకని చోట అటోర్వాస్టాటిన్ ఇస్తారు. రిటోనావిర్ వాడేవారికి సిమ్వాస్టాటిన్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు, కండరాలు కరిగిపోయే ప్రమాదముంది.

ప్రశ్న: స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఏఆర్‌టీ ఒక చోట, బీపీ మందు ఇంకో చోట. జనం మొదటిదానికి వస్తారు, రెండోదానికి వెళ్లరు. రెండూ ఒకే చోట పెడితే హెచ్ఐవీ సేవలు దెబ్బతింటాయని పై అధికారులు భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: ఆ భయాన్ని పరీక్షకు పెట్టి చూశారు, అది నిజం కాలేదు. టాంజానియా, ఉగాండాల్లో 32 ఆరోగ్య కేంద్రాల్లో హెచ్ఐవీ, బీపీ, మధుమేహం మూడింటినీ కొన్ని చోట్ల ఒకే గదిలో, కొన్ని చోట్ల ఎప్పటిలా విడివిడిగా చూశారు. ఇంటె-ఆఫ్రికా అనే ఈ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. రెండు చోట్లా హెచ్ఐవీ ఉన్నవారిలో దాదాపు 97 శాతానికి వైరస్ అణిగే ఉంది. కెన్యా, ఉగాండా పల్లెల్లో సెర్చ్ అనే మరో పరీక్షలో ఊళ్లోనే శిబిరం పెట్టి హెచ్ఐవీతోపాటు బీపీ కూడా చూశారు, అలా చేసిన ఊళ్లలో బీపీ అదుపు మెరుగుపడింది.

విడివిడిగా ఉండటానికి కారణం చరిత్రలో ఉంది. ఈ శతాబ్దం మొదట్లో, హెచ్ఐవీకి నిధులిచ్చే గ్లోబల్ ఫండ్ 2002లోనూ అమెరికా సాయ పథకం పెప్ఫార్ 2003లోనూ మొదలైనప్పుడు, హెచ్ఐవీ ఒక అత్యవసర స్థితి. డబ్బు, మందులు, లెక్కల పుస్తకాలు అన్నీ ఆ ఒక్క జబ్బుకే పుట్టాయి. ప్రాణాలు నిలబడ్డాయి. ఆ నిలబడ్డ మనిషికే ఇప్పుడు బీపీ వస్తే ఆ పుస్తకంలో రాయడానికి గడి లేదు. మీరు మొదట చేయించాల్సింది అదే, ఏఆర్‌టీ కార్డులో బీపీకి ఒక గడి. గడి ఉంటే కొలుస్తారు.

రెండోది మందుల రోజుల లెక్క. నిలకడగా ఉన్నవారికి ఏఆర్‌టీ మూడు నుంచి ఆరు నెలలకు ఒకేసారి ఇస్తున్నారు. బీపీ మందు చాలాచోట్ల ఇంకా 30 రోజులకే. ఏడాదికి రెండుసార్లు వస్తే చాలిన మనిషిని బీపీ కోసం పన్నెండుసార్లు రమ్మంటే రారు, అది వారి తప్పు కాదు. బీపీ అదుపులోకి వచ్చే దాకా నెలకోసారి చూడటం అవసరమే. వచ్చాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది కనుక అప్పుడు రెండు మందుల తేదీలూ ఒకే రోజుకు కలపండి.

మూడోది గుట్టు. అందరూ వచ్చే బీపీ క్లినిక్‌లో తమ ఏఆర్‌టీ కార్డు బయట పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. అందుకని వాడే మందుల పేరు చెప్పకుండా బీపీ మందు మాత్రమే రాయించుకుని వస్తారు, మందుల పేచీలు మొదలయ్యేది అక్కడే. బీపీ మందును ఏఆర్‌టీ కేంద్రంలోనే ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు. అది కుదరని చోట, జబ్బు పేరు లేకుండా మందుల పేర్లు మాత్రమే రాసిన చిన్న చీటీ ఒకటి వారి చేతికివ్వండి. అది చూసిన డాక్టరుకు కావలసింది తెలుస్తుంది, పక్కన కూర్చున్నవారికి తెలియదు.

మీ అధికారులకు ఒక లెక్క అడగమని కూడా మా సూచన. పోయిన ఏడాది మీ కేంద్రంలో చనిపోయినవారిలో ఎందరికి వైరల్ లోడ్ అణిగి ఉంది, వారికి చివరిసారి బీపీ ఎప్పుడు కొలిచారు? బీపీ కొలిచినట్టు రాసి లేని కార్డులను విడిగా పేర్చి వారి బల్ల మీద పెట్టండి.